పది రోజులు తొక్కకూడని గచ్చు

మా కొత్త ఇంటి నేల గురించి చోడవరంలో నాకు సలహా చెప్పనివాళ్లు లేరు. చెప్పినవాళ్లలో ఒక్కరూ మా అత్తగారి కాళ్ల గురించి అడగలేదు.

అత్తగారు అచ్చియ్యమ్మ రావికమతం దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు పాడి చేసిన మనిషి. నిరుడు విశాఖలో మా ఆడపడుచు ఇంట్లో అద్దంలాంటి టైల్స్ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. డాక్టరు నడవమంటే, "మల్లీ పడితే నన్నెవలు సూత్తారు?" అంటూ పది నెలలుగా కుర్చీ వదల్లేదు. బాత్రూముకి కూడా నేనే పట్టుకుని తీసుకెళ్లాలి. కొత్త ఇంట్లో ఆవిడ మళ్లీ నడవాలి. నాకు కావలసింది అంతే.

టైల్స్ షాపు సత్యారావు దగ్గర ప్రతిదీ ఎకో ఫ్రెండ్లీయే. మెరిసే టైలూ అదే, వెదురు పలకా అదే, ముక్కు పగిలే వాసన కొట్టే ప్లాస్టిక్ షీటూ అదే! దేంతో చేశారంటే "కంపెనీదండి" అంటాడు. తడికి జారదా అంటే "డోర్ మేట్ ఏసుకోండి" అంటాడు. మా ఆయన గౌరీశంకర్ ఆ మెరుపులో తన మొహం చూసుకుని మురిసిపోయాడు.

"పది మందొచ్చే ఇల్లు. తళతళలాడాలి కదేటే," అన్నాడు.

నాలుగు నెలలు పోట్లాడి, చివరికి దేవరాపల్లి నుంచి తాతబ్బాయిని పట్టుకొచ్చాను. సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి గచ్చు చేసే పాతకాలం మేస్త్రీ. అన్నీ చుట్టుపక్కల దొరికే సరుకులే, అసలు ఎకో ఫ్రెండ్లీ అంటే ఇదీ అన్నాను మా ఆయనతో. నీళ్లు పడినా కాలు జారదు, ఎండాకాలం చల్లగా ఉంటుంది.

"గచ్చేసేక పది రోజులు పిల్లి కూడా తొక్కకూడదమ్మా," అని అతను మొదటి రోజే చెప్పాడు. అందరం తలలూపాం.

తర్వాత వారం పాటు వాన. పని వెనక్కి జరిగింది, ముహూర్తం మాత్రం జరగలేదు.

"ఇది దాటితే ఆషాఢం," అన్నాడు మా ఆయన.

"అయితే శ్రావణం దాకా ఆగుదాం."

"కార్డులు పంచేసేం కదే!"

కార్డులు పంచాడట! మనిషి నడవడం కంటే కార్డులు ఎక్కువైపోయాయి. గోడకి చెప్పుకున్నా నయమే.

గచ్చు వేసిన రెండో రోజే గృహప్రవేశం. మేం వంటింట్లోకి వెళ్లి పాలు పొంగించుకోవడానికి తాతబ్బాయి గోడవారన ఇటుకల మీద చెక్కలు వేశాడు. మరి ఆవు మాటేమిటి? అందరికంటే ముందు లోపలికి రావలసింది ఆవే కదా. గడప లోపల గోనె పరిచి, ముందు కాళ్లు రెండూ దాని మీద పెట్టిస్తే చాలని పంతులుగారు ఒప్పుకున్నారు. ఆవు బుద్ధిగా రెండు కాళ్లు పెట్టి ఆగింది. దూడకి మాత్రం ఎవరూ చెప్పలేదు. తాడు లాక్కుని నేరుగా హాల్లోకి దూకింది. దాని వెనకే తల్లి.

"ఎవలూ దిగొద్దు! ఇంకా పాడైపోద్ది!" అంటూ తాతబ్బాయి నెత్తి బాదుకున్నాడు. గుమ్మంలో జనం ఒకటే కేకలు. కేకలు వేసినకొద్దీ దూడ గెంతింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వసారాలో కుర్చీ కిర్రుమంది.

"తప్పుకోండెహే," అంటూ అత్తగారు జనాన్ని తోసుకుని గడప దాటారు. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పచ్చి గచ్చులోకి దిగారు. నాలికతో ఏదో చిన్న చప్పుడు చేస్తూ దూడ మెడ తాడు అందుకుని, మెల్లగా పెరటి గుమ్మం దాకా నడిపించుకుపోయారు. ఆవు వాళ్ల వెనకే వెళ్లింది.

మా ఆయన ఆవిణ్ణి చూడనే లేదు. గచ్చునే చూస్తున్నాడు.

"సూసేవా నీ ఎకో ఫ్రెండ్లీ?" అని నా మీద విరుచుకుపడి, ఫోను తీసి సత్యారావుకి కొట్టాడు. "రేపొద్దున్నే టైల్సు లోడు పంపించెయ్యండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "కళ్లున్నాయా? ఆ అడుగులెవరివో చూడండి!" అని అరిచాను.

గిట్టల గుంటల మధ్య, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా, వేళ్లతో సహా మనిషి పాదాలు అచ్చు పడి ఉన్నాయి. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే వంగి చూశాడు. అవతల సత్యారావు హలో హలో అంటున్నాడు.

పెరటి గుమ్మంలోంచి అత్తగారు కేక వేశారు. "తాతబ్బాయీ, గుంటలు పూడ్సెయ్యి. ఆరేక నడుత్తాను. ఒరే శంకరం, మల్లీ ఆ అద్దాలేసేవంటే మాత్రం నాను పల్లెకి ఎల్లిపోతాను."

"లోడొద్దండీ," అన్నాడు మా ఆయన ఫోనులో.

అంతే! నాలుగు నెలలు నేను గొంతు చించుకున్న మాట ఆవిడ నోట ఒక్క ముక్కలో తేలిపోయింది. నాకు సంతోషమే. కడుపు మండలేదంటే మాత్రం అబద్ధం.

సున్నం కాళ్లని కొరికేస్తుంది. బకెట్టుతో నీళ్లు తీసుకుని ఇంటి పక్కనుంచి పెరట్లోకి పరిగెత్తాను. కింద కూర్చుని, నా భుజం పట్టుకోమని అత్తగారికి చెప్పాను. ఆవిడ పట్టుకోలేదు. తుంటి విరిగిన వైపు కాలి మీదే నిలబడి, రెండో పాదం నా చేతిలో పెట్టారు.