వెనక స్పీకర్లోంచి వచ్చిన కేక

“ఒక్క కేక వెయ్యి చాలు దేవికా, నీ సొమ్మేం పోయింది?” అన్నాడు సాయిబాబు షూ లేసులు కట్టుకుంటూ.

బెండకాయలు తరుగుతున్న దేవిక చెయ్యి ఆగిపోయింది. వేళాకోళమేమోనని మొగుడి మొహంలోకి చూసింది. కాదు, మనిషి నిండా సీరియస్‌గానే ఉన్నాడు. సాయంత్రం నరసరాజు గారు భార్యను వెంటబెట్టుకుని వస్తున్నారట. పోయిన శనివారం ఆయన ఇక్కడ చూసిన సినిమాలో కేక వినబడిన సీను ఆవిడకి కూడా చూపించాలట. ఆ సీను రాగానే సాయిబాబు గట్టిగా దగ్గుతాడట. దగ్గు వినబడగానే దేవిక వంటింట్లోంచి, అచ్చం పోయిన శనివారం అరిచినట్టే అరవాలట.

“ఆయన కొత్త వెంచర్‌కి మేనేజర్‌గా నన్నే అనుకుంటున్నారు. ఇప్పుడెళ్ళి, అది స్పీకర్లోది కాదు సార్, మా ఆవిడ అరుపు అంటే ఏం బాగుంటుంది చెప్పు?”

ఏం బాగుంటుందట! దేవిక కుడి మణికట్టుకి కట్టు ఇంకా విప్పనే లేదు. ఆ కట్టు కళ్ళెదుట కనబడుతూనే ఉంది, దాని వంక చూడకుండా కేకలు బేరమాడుతున్నాడు మహానుభావుడు.

“సరే, వేస్తాను,” అంది దేవిక.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. “అదీ, అలా ఉండాలి,” అని భుజం తట్టి, ఈలేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

హోమ్ థియేటర్ రిమోట్ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ దేవిక వెలుతురుకి మొహం వాచిపోయింది. చిలకలగూడలో వాళ్ళది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, అడ్డంగా ఒక గ్రానైట్ గట్టు, అంతే. హాల్లో గోడ నిండా తెర, పైన ప్రొజెక్టరు, ప్రతి మూలా ఒక స్పీకరు, ఇల్లంతా స్మార్ట్ లైట్లు. వీటన్నిటికీ కలిపి ఒకటే రిమోట్. అందులో ‘సినిమా’ అన్న బటన్ నొక్కితే తెర దిగుతుంది, ప్రొజెక్టరు వెలుగుతుంది, స్పీకర్లు మేలుకుంటాయి, ఇంట్లో లైట్లన్నీ ఆరిపోతాయి. అన్నీ అంటే అన్నీ, వంటింటిది కూడా. “కిచెన్ లైట్ తెర మీద పడుతోంది దేవికా, పిక్చర్‌లో నలుపు నలుపులా కనబడటం లేదు,” అన్నాడు మొదటి రోజే. కూరలో వేసింది ఉప్పో పంచదారో కనబడక పెళ్ళాం తడుముకుంటుంటే ఏమీ లేదు గానీ, తెర మీద నలుపు మాత్రం తగ్గకూడదు! గోడ మీది స్విచ్ నొక్కితే లైటు వెలిగేది. వెలిగిన మరుక్షణం “లైట్!” అని హాల్లోంచి గదమాయింపు, రిమోట్ నొక్కుడు, మళ్ళీ చీకటి. కొన్నాళ్ళు పంతం పట్టి చూసింది. తర్వాత విసుగెత్తి, ఫోన్ టార్చిని ఉప్పు డబ్బాకి ఆనించి, గ్యాస్ మంట వెలుగులో చపాతీలు కాల్చడం నేర్చుకుంది. ఆడది దేనికైనా అలవాటు పడిపోతుందని చెప్పినవాడెవడో గానీ, వాడింటి వంటింట్లో లైటు వెలుగుతూనే ఉండి ఉంటుంది.

అత్తగారు అప్పలకొండమ్మది విజయనగరం పక్కన పల్లెటూరు. దేవిక ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, “అసుర సంజవేళ వంటింట్లో దీపం నేకపోతే లచ్చిమి గుమ్మంలోంచే ఎల్లిపోద్దే,” అని సాధించేది. అదే సంజవేళ కొడుకు ఒక్క నొక్కుతో ఇల్లంతా చీకటి చేస్తే మాత్రం, “ఆడు సరదాపడి కొనుక్కున్నాడు, నువ్వే కూసింత సర్దుకోయే,” అంది. లక్ష్మీదేవికి కోడలి ఆలస్యం పనికిరాదు గానీ కొడుకు రిమోట్ పనికొస్తుంది కాబోలు.

పోనీ, అవన్నీ బిగిస్తున్నప్పుడు ఇంట్లో కాపలా ఉన్నదెవరు? దేవికే. రెజిమెంటల్ బజార్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిసెప్షనిస్టు ఆమె. “నాకు మీటింగులున్నాయి, నువ్వు లీవు పెట్టెయ్. ఫోన్లెత్తే ఉద్యోగమేగా నీది,” అన్నాడు సాయిబాబు. గ్యాస్ బండ వచ్చినా, ఏసీ సర్వీసుకి మనుషులొచ్చినా, వాళ్ళ కోసం పడిగాపులు పడే పని ఎప్పుడూ ఆమెదే. అన్నీ బిగించాక టెక్నీషియన్ ఆషర్ సాయిబాబుకి ఫోన్ చేసీ చేసీ విసిగిపోయాడు. “సార్ ఫోన్ లేపుతలేడు మేడమ్. ఓటీపీ రాకుంటే యాప్ షురూ కాదు. మీ నంబర్ మీద పెట్టేస్త. ఓనర్ మీరైతరు, సార్‌ని మెంబర్ లెక్క యాడ్ చేస్త. పరేషాన్ ఏం లేదు,” అన్నాడు. ఆ సాయంత్రం దేవిక సంగతి చెప్పబోతే, “పనిచేస్తోందా లేదా, అది చెప్పు ముందు,” అని సాయిబాబు రిమోట్ అందుకుని సోఫాలో కూలబడ్డాడు.

ఇక పోయిన శనివారం. నరసరాజు గారంటే సాయిబాబు పనిచేసే కంపెనీ యజమాని. భీమవరం నుంచి వచ్చి, బోయిన్‌పల్లి చుట్టుపక్కల ఇళ్ళు కట్టి అమ్ముతుంటారు. ఆ రోజు ఒక్కరే వచ్చారు. ఏదో దయ్యాల సినిమా పెట్టాడు సాయిబాబు. ఇంటర్వెల్లో లైట్లు వేస్తే, అదే సందని దేవిక బాణలి పెట్టి మిరపకాయ బజ్జీలు మొదలుపెట్టింది. నూనె సలసలా కాగుతోంది. “ఇక కానివ్వవయ్యా,” అన్నారు నరసరాజు గారు. అంతే, వంటింట్లో మనిషుందన్న ఆలోచన కూడా లేకుండా సాయిబాబు బటన్ నొక్కేశాడు. ఒక్కసారిగా కళ్ళకి చీకటి కమ్మింది. చేతిలోని బజ్జీ పైనుంచే జారి నూనెలో పడింది. మరిగే నూనె చింది మణికట్టు మీద పడింది. “అమ్మా!” అని ప్రాణం పోయినట్టు అరిచింది దేవిక.

తెర మీద అప్పుడే ఒక అమ్మాయి పాడుబడ్డ ఇంటి తలుపు తోస్తోంది.

“ఓర్నాయనో!” అన్నారు నరసరాజు గారు గుండె మీద చెయ్యేసుకుని. “ఏం సౌండయ్యా సాయిబాబూ! నిజంగా వంటింట్లోంచే అరిచినట్టుందే. వెనక స్పీకర్లోంచా?”

పెళ్ళాం గొంతు సాయిబాబుకి తెలీదా? ఒక్క క్షణం వంటింటి వైపు తల తిప్పాడు. ఆ క్షణంలో వస్తాడనే అనుకుంది దేవిక, పిచ్చిది. అతను నవ్వాడు. “మరి ఊరికే పెట్టానా సార్! సరౌండ్ సౌండంటే అదీ!”

కాలిన చెయ్యి కుళాయి కింద పెట్టుకుని చీకట్లో నిలబడి ఆ నవ్వంతా విన్నది దేవిక. వాడి నోరు పడిపోనూ! లేచి రాకపోతే పోయె, ‘అయ్యో, మా ఆవిడ’ అని ఒక్క మాట అనలేకపోయాడే! ఇన్నేళ్ళూ ఆమె వండింది వాళ్ళమ్మ చేతి మహిమన్నాడు, ఆమె జీతం ‘చిల్లర ఖర్చులకి’ అన్నాడు, అన్నీ పడింది. చివరికి ఒళ్ళు కాలి అరిచిన అరుపు కూడా ఆమెది కాకుండా చేసి స్పీకర్లకి అంటగట్టాడు. ఆ కేక నాదని వీడి నోటితోనే, ఆ మనిషి ఎదుటే చెప్పించకపోతే నా పేరు దేవిక కాదు అనుకుంది పళ్ళు బిగబట్టి.

ఎలా చెప్పించాలో వారమంతా తోచలేదు. ఈ రోజు అతనే దారి చూపించి పోయాడు. మధ్యాహ్నం భోజనాల వేళ డయాగ్నస్టిక్ సెంటర్లో కూర్చుని యాప్ తెరిచింది. ఓనర్, దేవిక. మెంబర్, సాయిబాబు. కింద ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. మెంబర్ రిమోట్ నొక్కినప్పుడల్లా ఓనర్ అనుమతి తీసుకోవాలా అని అడిగింది యాప్. ఓహో, ఇలాంటిది కూడా ఉందా అనుకుని, ‘అవును’ నొక్కడం మాత్రం సాయంత్రం దగ్గు వినబడేదాకా ఆపింది. చాలా రోజుల తర్వాత ఆమెకి అన్నం రుచిగా అనిపించింది.

సాయంత్రం నరసరాజు గారూ, ఆయన భార్య సుబ్బులు గారూ బజ్జీల ప్లేట్లతో సోఫాలో కూర్చున్నారు. అప్పలకొండమ్మ పక్క కుర్చీలో సర్దుకుంది. సినిమా నడుస్తోంది, వంటింట్లో ఎప్పటిలాగే చీకటి. “అదిగో, వస్తోంది చూడు, అదిరిపడతావ్,” అన్నారు నరసరాజు గారు భార్యతో. తెర మీద అమ్మాయి తలుపు తోసింది.

సాయిబాబు దగ్గాడు.

వంటింట్లో చప్పుడు లేదు. ఇంకాస్త గట్టిగా దగ్గాడు. చప్పుడు లేదు. ఈసారి పేగులు బయటికి వచ్చేలా దగ్గాడు.

“ఓలమ్మ ఓలమ్మ, గుంటడికి పొలమారినట్టుంది, నీల్లట్టుకురాయే!” అంది అప్పలకొండమ్మ.

ఒక్కసారిగా ఇంట్లో లైట్లన్నీ వెలిగాయి. సినిమా ఆగిపోయింది. అందరూ కళ్ళు చికిలించి చూస్తుండగా దేవిక గ్లాసుతో వచ్చి మొగుడి ముందు నిలబడింది. “తాగండి. దగ్గింది చాలు.”

సాయిబాబు రిమోట్ నొక్కాడు. కదలిక లేదు. మళ్ళీ నొక్కాడు. దేవిక ఫోన్ మోగింది. “లైట్లు ఆర్పడానికి సాయిబాబు మీ అనుమతి కోరుతున్నారు,” అని పైకి చదివి వినిపించింది. “పోయిన శనివారం అరిచిందెవరో సార్‌కి చెప్పండి. ఆ తర్వాత ఆలోచిస్తాను.”

“ఏంటీ నాన్సెన్స్! లోపలికెళ్ళు ముందు,” అన్నాడు సాయిబాబు పళ్ళ మధ్యనుంచి.

“ఆ చేతికేమైందమ్మా?” అన్నారు సుబ్బులు గారు.

“ఆయనకి తెలుసండి. ఆయన్నే అడగండి.”

“ఏవయ్యా?” అన్నారు నరసరాజు గారు. ఆయన మొహంలో నవ్వు సగానికి తగ్గింది.

సాయిబాబు నేల చూపులు చూశాడు. “సెప్పీరా నాయనా, సెప్పీ,” అంది తల్లి. అంతా తెలిసిన మనిషే ఆవిడ.

“అది... మా ఆవిడది సార్,” అని గొణిగాడు.

“వినబడలేదు,” అంది దేవిక.

“మా ఆవిడ కేక సార్! నూనె పడి అరిచింది. నాకు తెలుసు, చాలా!” అని అరిచాడు సాయిబాబు. ఆ అరుపు నిజంగానే ఇల్లంతా మోగింది.

నరసరాజు గారు చేతిలోని బజ్జీని ప్లేట్లో పెట్టేశారు. “తెలిసీ నవ్వావా?” అన్నారు.

సాయిబాబు మొహం కందగడ్డలా అయింది. ఎవరి వంకా చూడలేక మళ్ళీ రిమోట్ నొక్కుతున్నాడు, నొక్కుతూనే ఉన్నాడు. దేవిక చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. “చెప్పాను కదే, ఇంకేం కావాలి? ముందా లైట్లార్పు, పరువు పోతోంది,” అన్నాడు ఆమెకి మాత్రమే వినబడేలా.

దేవిక ‘తిరస్కరించు’ నొక్కింది.

“పోనివ్వండి,” అంది అందరికీ వినబడేలా. “వెలుతుర్లో పోతేనే నలుగురికీ కనబడుతుంది.”