తూము దగ్గర రుమాలు

మెడలోతు నీళ్లలో నిలబడి సోమప్ప పొద్దుటినుంచి తూము నోటికి అడ్డం పడిన గుర్రపుడెక్కను పీకుతూనే ఉన్నాడు. గట్టు మీద చిన్నాన్న కొడుకు కొట్రేశ్ ఎర్ర రుమాలు తలకు చుట్టుకొని కెమెరా ముందు నిలబడ్డాడు. సోమప్ప చేతులు డెక్క మీద, కళ్లు రుమాలు మీద ఉన్నాయి.

రాజుల కాలంలో తవ్విన ఆ కాలువకు కంప్లి దగ్గర ఒక ఆచారం ఉంది. ఏటా కొత్త నీళ్లు వదిలినప్పుడు, తూములో మునిగి బాగుచేసిన నీరుగంటే, అంటే పొలాలకు నీళ్లు పారించేవాడే, రుమాలు చుట్టుకొని తూముకు అడ్డంగా ఉన్న చెక్క పలక ఎత్తాలి. ఇరవై రెండేళ్లుగా ఎత్తుతున్నది సోమప్పే. ఊరు అతన్ని మనిషిగా చూసేది ఆ ఒక్క పూటే. ఈసారి కాలువ చరిత్ర మీద సినిమా తీస్తున్నారు. కాలువ కింద నలభై ఎకరాలున్న నీటి కమిటీ పెద్ద శివరామకృష్ణయ్య, మీసం బాగుందని పలక ఎత్తడానికి కొట్రేశ్‌ను ఎంచాడు. తోరణగల్లు ఫ్యాక్టరీలో పనిచేసే కొట్రేశ్ తూములో దిగిన పాపాన పోలేదు.

"రుమాల్లో మా మరిది ఎంత లచ్చణంగా ఉండాడో సూడు," అంది గట్టు మీద సోమప్ప నడుముకు కట్టిన తాడు పట్టుకున్న భార్య దుర్గక్క.

సోమప్పకు ఒళ్లు మండింది. వాడి మీసం ఊడిపోను! కాలు జారి బురదలో పడితే కళ్లారా చూడాలనుకున్నాడు. తన ఏడుపుకు తనకే సిగ్గేసింది, అయినా అది తగ్గలేదు.

అతిథులు వచ్చి కూర్చున్నారు. కొట్రేశ్ పలక లాగాడు. అడుగున దుంగ ఇరుక్కుని పలక కదల్లేదు.

శివరామకృష్ణయ్య గట్టు మీంచి వంగాడు. "సోమప్పా, కాస్త మునిగి ఆ దుంగ తీసెయ్యవయ్యా. కెమెరాకి మాత్రం కనపడకు."

సోమప్ప మునగలేదు. గట్టెక్కి, నడుం తాడు విప్పి, కొట్రేశ్ ఎదుట నిలబడ్డాడు.

"మునిగేటోడు నేను, ఎత్తేటోడు నువ్వా? రుమాలు ఈడియ్యప్పా. లేదంటే నువ్వే దిగు."

"నాకు ఈత రాదు గదన్నా," అన్నాడు కొట్రేశ్ లోగొంతుతో. చెయ్యి తల మీదికి పోయింది.

"తియ్యకు! షూటింగ్ అవుతోంది," శివరామకృష్ణయ్య గద్దించాడు.

కొట్రేశ్ చెయ్యి రుమాలు మీదే ఆగిపోయింది. సోమప్ప తాడును చుట్టగా చుట్టి దాని మీద కూర్చున్నాడు.

"అట్లయితే నేను దిగను సామీ."

పలక లేవని తూము ముందు ఎగువ నుంచి వదిలిన నీళ్లు చేరుతూనే ఉన్నాయి. గట్టు పొర్లి, అతిథుల కుర్చీల కింద పరిచిన తివాచీ అంచును తడిపాయి.