చిన్న చిన్న వాయిలు

మా ఇంట్లో బట్టలుతికే మిషను సంగతి నేనే చూస్తాను. రెండు తొట్టెల మిషను. ఒక తొట్టె ఉతుకుతుంది, రెండోది పిండుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి బట్టలు వాటంతట అవి నడిచి వెళ్లవు. మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

అబ్బాయీ కోడలూ పొద్దున్నే పనుల్లోకి పోతారు. ఇంట్లో మిగిలేది నేనూ, మా వియ్యపురాలూ. అంటే కోడలి తల్లి. నేను చెల్లెమ్మగారూ అంటాను, ఆవిడ అన్నయ్యగారూ అంటుంది. అంతకు మించి మా మధ్య మాటలు తక్కువ. ఉతకడం నా వంతు, జాడించడం ఆవిడ వంతు. ఆవిడ బాల్చీల్లో జాడించి ఇస్తే నేను పిండే తొట్టెలో వేస్తాను.

కొన్నాళ్లుగా మిషను కింద నీళ్లు కారుతున్నాయి. కాలిన రబ్బరు వాసన కూడా వచ్చింది. మెకానిక్ వచ్చి వెనక రేకు విప్పాడు.

"పౌడరు ఎవరు వేస్తారండీ?" అన్నాడు.

నేను రేకు వైపు చూశాను. చెల్లెమ్మగారు గుమ్మం వైపు చూసింది.

"నురగ పొంగి మోటారు మీద పడుతోంది. బట్టలు కూడా బాగా కూరుతున్నారు. తిరగడానికి చోటు లేక బెల్టు అరిగిపోయింది. మిషనండీ ఇది, గోనెసంచి కాదు."

బెల్టు మార్చి వెళ్లిపోయాడు. సాయంత్రం అబ్బాయి వచ్చి అంతా విన్నాడు.

"నాన్నా, ఇంకొక్కసారి దీని కింద తడి కనబడితే తీసేద్దాం. కొత్తది చూసిపెట్టాను. బట్టలు పడేసి బటన్ నొక్కితే చాలు, పిండి ఇచ్చేదాకా అంతా అదే చూసుకుంటుంది. మీరు హాయిగా కూచోవచ్చు."

హాయిగా కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మోకాళ్లు పట్టేసినప్పుడు కొన్నాళ్లు కూర్చున్నాను. పొద్దున ఈ గోడ చూడాలి, తర్వాత ఆ గోడ చూడాలి. భోజనాల వేళకు రెండు గోడలూ అయిపోతాయి. ఈ మిషను పోతే ఈ ఇంట్లో నాకు పని లేదు.

అందుకని దాన్ని బతికించే పనిలో పడ్డాను. పొట్టి కాలు కింద రబ్బరు ముక్క పెట్టి ఊగకుండా చేశాను. నూలు పోగులు చిక్కుకునే జాలీ కడిగాను. గొట్టం మెలిక తీశాను. అబ్బాయి చొక్కా జేబుల్లోంచి పిన్నులు ఏరాను. పని అయ్యాక మూతలు తెరిచి లోపల ఆరనిచ్చాను. పౌడరు ఒక్క చెంచాతో ఆపాను.

అయినా నురగ మూత ఎత్తుకుని పైకి వచ్చింది. ఒక్క చెంచాకు అంత నురగ రాదు.

మర్నాడు మిషను తిప్పి, క్లిప్పుల బుట్ట తేవడానికి బాల్కనీలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి చెల్లెమ్మగారు పౌడరు డబ్బా తొట్టెలోకి వంచుతోంది.

"చెల్లెమ్మగారూ."

"ఊఁ."

"పౌడరు నేను వేశాను."

"చూశాను. కూరలో ఉప్పేసినట్టు వేశారు."

"అంతే చాలన్నాడు మెకానిక్."

"ఆయన చొక్కా చూశారా? ఆ లెక్కన ఉతికిందే అది."

"నురగ కిందికి దిగుతోందమ్మా. ఇంకోసారి కారితే తీసేస్తానన్నాడు మీ అల్లుడు."

"మీ అబ్బాయి అలాగే అంటుంటాడు."

"కొత్తదానికి జాడించే మనిషి అక్కర్లేదట."

ఆవిడ డబ్బాకు మూత పెట్టింది. పీట లాక్కుని కూర్చుంది.

"నాకెవరూ చెప్పలేదే," అంది.

"నాకు చెప్పాడు."

డబ్బాను పీట పక్కన పెట్టుకుంది.

"ఒక్క చెంచా వేస్తే ఒక్క నీళ్లతో పోతోంది అన్నయ్యగారూ. నురగ దండిగా ఉంటే నాలుగుసార్లు జాడించాలి. ఒక్క నీళ్లతో అయిపోతే ఆ తర్వాత నేనేం చెయ్యను? మా అమ్మాయి వంటింట్లోకి రానివ్వదు. మీ మొహం చూస్తూ కూచోనా?"

కూర్చోమని నేను అనలేదు.

ఇంతలో నురగ మూత దాటి పక్కనుంచి జారింది. మిషను కింద మడుగు కట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. అబ్బాయి ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చాడు. చెల్లెమ్మగారు పీట మీద నుంచి లేవకుండానే ఎదురుగా ఉన్న బాల్చీని కాలితో తన్నింది. నీళ్లు గది అంతా పారాయి.

"ఏంటత్తయ్యగారూ ఈ తడి?"

"బాల్చీ ఒలికింది నాయనా. చెప్పులు విప్పు, జారతావు."

అబ్బాయి నా వైపు చూశాడు.

"ఒలికింది," అన్నాను.

అతను వెళ్లాక ఇద్దరం గుడ్డలు పెట్టి నేల ఒత్తాం. ఆవిడ ఒక మూల, నేను ఒక మూల. రోజూ బాల్చీ తన్నలేం అనిపించింది.

నురగ ఆవిడది. కూరడం మాత్రం నాది. తక్కువసార్లు తిరిగితే మిషను ఎక్కువకాలం వస్తుందనుకుని, ఇంటిల్లిపాది బట్టలూ ఒకే వాయిలో మోచేతితో నొక్కేవాణ్ణి.

"ఒక వాయిని మూడు చేద్దాం," అన్నాను. "సగం తొట్టెకి మించొద్దు. వాయికి ఒక్క చెంచా. ప్రతి వాయికీ మీ జాడింపు మీకుంటుంది."

ఆవిడ గుడ్డ పిండుతూ ఆలోచించింది.

"తెల్లవి వేరే వెయ్యాలి."

"వేరే."

"తువ్వాళ్లు?"

"తువ్వాళ్లు ఒక వాయి."

"అయితే నాలుగు."

"నాలుగే."

ఆ తర్వాత నురగ మూత దాటలేదు. రబ్బరు వాసన రాలేదు. అబ్బాయి కొన్నాళ్లు సాయంత్రాలు వంగి మిషను కింద చెయ్యి పెట్టి చూశాడు. చేతికి దుమ్ము అంటుకోవడం మొదలయ్యాక మానేశాడు. కొత్తదాని మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. నలుగురి ఇంట్లో రోజూ నాలుగు వాయిల బట్టలు పుట్టవు. దిండు గలేబులు వేశాం. కర్టెన్లు వేశాం. అవి ఆరగానే తగిలించి, నాలుగు రోజులాగి మళ్లీ దించాం. టీవీ మీద కప్పే గుడ్డ, దాని మీది పూలబొమ్మ చెరిగిపోయి, తెల్లగా తేలింది.

నిన్న పొద్దున అబ్బాయి తల తుడుచుకుంటూ గదిలోంచి బయటికి వచ్చాడు.

"మంచం మీద నా చొక్కా ఉండాలి. ఇస్త్రీ చేసింది. ఇవాళ వేసుకుందామని పెట్టుకున్నాను."

చెల్లెమ్మగారు బాల్చీలోకి వంగింది. ఇక ఎటూ నేనే చెప్పాలి.

"రెండో వాయిలో ఉంది," అన్నాను.