అయిదింటిదాకా గొంతు

శనివారం సాయంత్రం అయిదు గంటలకు ఎన్నికల ప్రచారం ముగిసింది. ఆ నియోజకవర్గం ఏర్పడిన నాటి నుంచి పోటీ జరిగిన ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒక అభ్యర్థికి ప్రచారం చేసిన మైకు బాబాయి గొంతు అంతకు కొద్ది నిమిషాల ముందు ముగిసింది.

ఆ ఉదయం ఆయన పెరట్లో నిలబడి ఉప్పునీళ్లు పుక్కిలించాడు. తల వెనక్కి వాల్చినప్పుడు గొంతుముడి పక్కన గడ్డ కనిపించింది. ఉమ్మిన నీళ్లలో ఎరుపు ఉంటే కాలితో దాని మీదికి మట్టి తోశాడు. భార్య వంటింటి గుమ్మంలోనే ఉంది.

"చూశాన్లెండి," అంది.

డాక్టరు చెప్పింది ఇద్దరూ విన్నారు. మంగళవారం స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు. అప్పటిదాకా గొంతుకు పని పెట్టకపోతే, ఇంట్లో నాలుగు మాటలు చెప్పుకోవడానికి సరిపోతుంది. మైకు పట్టుకుంటే మాత్రం పూచీ తనది కాదన్నాడు.

"టీచరమ్మకి మాటిచ్చాను," అన్నాడు బాబాయి.

"ఇచ్చారు సరే. ఇవ్వడానికి ఇంకా ఎన్ని మాటలున్నాయని? ఇన్నేళ్లూ ఊరందరికీ వడ్డించి ఖాళీ గిన్నెతో ఇంటికొచ్చారు. ఈసారైనా అడుగున కాస్త నాకు ఉంచండి."

అందులో అబద్ధం లేదు. ఇంట్లో ఆయన గొంతు దాచుకునేవాడు. మంచినీళ్లు కావాలంటే గ్లాసు వైపు చూసేవాడు. కోపం వస్తే చెప్పులు వేసుకునేవాడు. భార్యను పిలవాలంటే "ఇదిగో" అనేవాడు. ఎన్నికలు లేని రోజుల్లో కూడా నీళ్లు రావని, పన్ను కట్టమని, పిల్లవాడు తప్పిపోయాడని వీధుల్లో చెప్పే పని ఉండేది. ఆ వార్తలన్నీ ఆమె కూడా మిగతావాళ్లలాగే కిటికీలోంచి వినేది.

"అయిదింటితో అయిపోతుంది. ఆ తర్వాతదంతా నీదే."

"ఇలాంటి హామీలు నాకు కొత్తా?" అంటూ ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పోసి మూత బిగించి ఇచ్చింది.

టీచరమ్మ పోటీ చేస్తున్నది తాళం చెవి గుర్తు మీద. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. పార్టీ ఆఫీసు మెట్ల దగ్గర బాబాయిని ఆపి, "ఎవరిచేతైనా రికార్డు చేయించి వేసుకుందాం. మీరు ఇంటికి వెళ్లండి," అంది.

"టేపుకి సందులు తెలీవమ్మా."

ఆస్పత్రి గోడ మొదలయ్యే చోట ఆయన గొంతు తగ్గించేవాడు. చెవిటి దర్జీ కొట్టు ముందు పెంచేవాడు. ఎవరింట్లోనైనా ముందురోజు మనిషి పోయి ఉంటే, ఆ ఇల్లు దాటేదాకా మైకు ఒళ్లో పెట్టుకునేవాడు. ఆ పూట కూడా అలాగే చేశాడు. మైకుకు చేతిరుమాలు చుట్టి, 'ప' వచ్చినచోట గాలి తగలకుండా మొహం కాస్త పక్కకు తిప్పుతూ మొదలుపెట్టాడు: "ఓటరు మహాశయులారా! మీ అమూల్యమైన ఓటును తాళం చెవి గుర్తుకు వేసి, మన టీచరమ్మను అత్యధిక మెజారిటీతో గెలిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాం."

ఈ వాక్యంలో పేరూ గుర్తూ తప్ప ఎప్పుడూ ఏమీ మారలేదు. మొదటి ఎన్నికలో మైకు లేదు. మీసం సరిగ్గా రాని వయసులో రేకు గొట్టం పట్టుకుని ప్లీడరు కోసం కాలినడకన తిరిగాడు. ప్లీడరు గెలిచాడు, మళ్లీ గెలిచాడు. మూడోసారి ఎవరూ పోటీకి రాకపోవడంతో బాబాయికి పని లేకుండా పోయింది. ఆ తర్వాత మిల్లు ఓనరు కుర్చీ గుర్తు మీద గెలిచాడు. తర్వాతి ఎన్నికకు పార్టీ మారి తాళం చెవి తెచ్చుకున్నాడు. ఓనరు మారాడు గానీ బాబాయి నోరు మారలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మార్కెట్టంతా తిరిగి, మిల్లు ఓనరుకు ఓటేయమంటూ కుర్చీ గుర్తు చెప్పాడు. ఓనరు కొద్దిలో ఓడిపోయాడు. కుర్చీ గుర్తు మీద గెలిచిన అప్పటి ఊరి డాక్టరు వచ్చి, "నా ప్రచారం బాగా చేశావు," అని భుజం తట్టాడు. ఓనరు కక్ష పెట్టుకోలేదు. బాబాయి ఎప్పుడు కనిపించినా, "కుర్చీ వేసుకుని కూర్చో," అనేవాడు, అంతే. డాక్టరు పదవిలో ఉండగానే పోయాడు. ఉపఎన్నికలో డాక్టరు భార్య గెలిచింది. ఆ తర్వాత రెండుసార్లూ కాంట్రాక్టరే.

ముందు ఎవరు అడిగితే వాళ్లకు గొంతిచ్చేవాడు. ఓటు ఎవరికిచ్చాడో భార్యకు కూడా తెలియదు.

మార్కెట్ కూడలిలో కాంట్రాక్టరు వ్యాను ఎదురొచ్చింది. దాని మీద లౌడ్‌స్పీకరు కొమ్ముల్లోంచి వస్తున్నది బాబాయి గొంతే. కిందటి ఎన్నికలో కాంట్రాక్టరు కోసం చెప్పింది. ఆయనా మారలేదు, ఆయన కుర్చీ గుర్తూ మారలేదు, టేపూ మారలేదు. అందులో గొంతు ఎక్కడా చీరుకుపోలేదు.

బాబాయి ఉన్న వ్యాను డ్రైవరు బ్రేకు వేశాడు. "బాబాయ్, మనకి నువ్వే అడ్డం వస్తున్నావు."

"దారివ్వు. కుర్రాడు, తొందరమీదున్నాడు."

కూరగాయలమ్మే ఆమె బుట్ట మీద నీళ్లు చల్లుతూ అడిగింది. "ఏ బాబాయి మాట వినమంటావు?"

"గొంతు బాగున్నవాడి మాట విను. ఓటు మాత్రం మా టీచరమ్మకెయ్యి."

ఆమె నవ్వింది. బాబాయి మైకు కట్టేసి, ఆ వ్యాను మలుపు తిరిగేదాకా వింటూ కూర్చున్నాడు. టేపులో 'ప' వచ్చినచోటల్లా మొహం పక్కకు తిరగడం ఆయనకు వినిపించింది.

మధ్యాహ్నం నుంచి వాక్యం తరగడం మొదలైంది. ముందు 'ప్రార్థిస్తున్నాం' పోయింది. తర్వాత 'అత్యధిక' పోయింది. నాలుగు దాటేసరికి 'టీచరమ్మ, తాళం చెవి' మాత్రమే మిగిలాయి. ఆ రెంటికీ మధ్య ఒకసారి ఫ్లాస్కు మూత తిప్పాల్సి వచ్చింది.

"ఇక చాలు బాబాయ్," అన్నాడు డ్రైవరు. "ఊరికే తిరుగుదాం. నిన్ను చూసి ఓటేసేవాళ్లు వేస్తారు."

బాబాయి రెండు వేళ్లు గొంతు మీద పెట్టి, మైకుకు దూరంగా ఏదో అనబోయాడు. గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే సగం మాట వచ్చింది. బ్యాంకు గోడ మీద గడియారం చూశాడు. అయిదింటి తర్వాత ఇస్తానన్నది అయిదింటిదాకా ఉండదని అర్థమైంది.

"మా సందులోకి తిప్పు."

"పొద్దునే వెళ్లొచ్చాం కదా?"

"తిప్పు."

భార్య గుమ్మంలో కూర్చుని చిరిగిన దుప్పటికి కుట్టు వేస్తోంది. వ్యాను ఇంటి ముందు ఆగింది. బాబాయి మైకు మీద వేలితో రెండుసార్లు కొట్టి, ఆమె పేరు పలికాడు.

నాలుగు కొమ్ముల్లోంచి ఆ పేరు సందు చివరిదాకా వెళ్లింది. సూది దుప్పట్లోనే ఆగిపోయింది. పక్కింటి కోడలు తడి చేతులతో బయటికొచ్చింది. ఆయన నోటి నుంచి ఆ పేరు అంతకుముందెప్పుడూ సందులో ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఆయన నోరు తనకు తెలిసిన దారే పట్టింది.

"మీ అమూల్యమైన..."

ఆగాడు. తర్వాత రావలసిన మాట ఓటు. ఆమెను అడగవలసింది అది కాదు. కొమ్ముల్లో గాలి చప్పుడు వినిపించింది.

"నీ అమూల్యమైన..." అని దిద్దుకున్నాడు. అక్కడా మాట దొరకలేదు. ఇక వెతకడం మానేశాడు. "నీళ్లు కాచిపెట్టు. ఇంటికొస్తున్నా."

"మీవారు పార్టీ మారినట్టున్నారు పిన్నీ," అంది పక్కింటి కోడలు.

భార్య దుప్పటి పక్కన పెట్టి లేచి నిలబడింది. గొంతు పెంచకుండానే, "పొయ్యి మీదే ఉన్నాయి, రండి," అంది.

డ్రైవరు ఆంప్లిఫయరు కట్టేశాడు. ప్రచారానికి ఇంకా కొద్ది నిమిషాలు మిగిలాయి. పక్క వీధిలో కాంట్రాక్టరు వ్యాను ఆ కాస్త సమయాన్నీ వాడుకుంది.

ఆదివారం ఆయన నోరు తెరిచినా శబ్దం రాలేదు. సోమవారం ఇద్దరూ వెళ్లి ఓటేసి వచ్చారు. మంగళవారం ఆపరేషను జరిగింది. ఆస్పత్రిలో ఆయనకు ఒక పలక, బలపం ఇచ్చారు. ఆయన రాసి చూపిస్తే ఆమె పలక తీసుకుని కింద జవాబు రాసేది.

"అమ్మా, ఆయనకి చెవులు వినబడతాయి," అంది నర్సు.

"అవును కదా," అని, ఆమె మళ్లీ రాసింది. ఆయన నవ్వు శబ్దం లేకుండా భుజాల్లో కనిపించింది.

ఓట్ల లెక్కింపు మరుసటి వారం. లెక్కింపు రోజు సాయంత్రానికి టీచరమ్మ, కాంట్రాక్టరు దాదాపు సమానంగా ఉన్నారని డ్రైవరు వచ్చి చెప్పాడు. రెండు రోజులుగా ఉన్న జ్వరం ఆ రోజు ఊపిరితిత్తుల్లోకి దిగింది. చీకటి పడకముందే బాబాయి నిద్రలో పోయాడు. మర్నాడు ఉదయం టీచరమ్మ గెలిచినట్టు ప్రకటించారు.

బట్టలు, కళ్లజోడు ఆస్పత్రివాళ్లు సంచిలో పెట్టి ఇచ్చారు. పలకను ఆమె సంచిలో పెట్టనివ్వలేదు, చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చింది. దాని మీద ఆయన రాతలో "మెజారిటీ ఎంత" అని ఉంది. కింద ఆమె రాతలో "మళ్లీ లెక్కిస్తున్నారు" అని ఉంది.