టీ వస్తే రాత్రయినట్టే

నేను ఇనుప సామాను అమ్ముతాను. గిరాకీ లేని సరుకు ఎంత గట్టిదైనా చివరికి అటకెక్కుతుందని నాకొకరు చెప్పక్కర్లేదు. కానీ మా కత్తివీరుణ్ణే అటకెక్కించే రోజు వస్తుందనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక, వెనక గదిలో మేం ముగ్గురం ఒక కథల ఆట ఆడతాం. కథ నడిపేది మా బావమరిది. అందులో నేను కత్తివీరుణ్ణి, మా తోడల్లుడు మాంత్రికుడు. ఏం చేస్తామో చెప్పి పాచిక వేస్తే, నెగ్గామో లేదో అదే తేలుస్తుంది. బల్ల మీద బోల్టులు శత్రువులు. నేనొక పెద్ద నట్టుని. తోడల్లుడు ఇత్తడి కొళాయి పిడి. మెరిసేదే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు.

బయట ఆయన బీమా ఏజెంటు. అంటే రెండు చోట్లా నోటితోనే నెగ్గుకొస్తాడు. నేను కత్తి దూసి, పరుగెత్తి, పాచిక వేసి ఒక్క బోల్టుని పడగొట్టేసరికి, ఆయన కుర్చీలో వెనక్కి వాలి "అగ్నివర్షం" అంటాడు. మిగతా బోల్టులన్నీ డబ్బాలోకి. తలుపు పగలగొడదామంటే తలుపులు తెరిచే మంత్రం ఉంది. గోడెక్కుదామంటే ఎగిరే మంత్రం. నాకు మిగిలింది మూటలు మొయ్యడం.

పోయిన వారం అననే అన్నాడు. "అన్నయ్యా, ఏమనుకోకు. వచ్చే ఆదివారం కూడా నీ కత్తితో పని పడకపోతే నువ్వూ ఒక మాంత్రికుణ్ణి తీసుకో. కత్తివీరుణ్ణి గౌరవంగా రిటైర్ చేసేద్దాం."

"పింఛనేమైనా ఉంటుందా తమ్ముడూ?"

"పాలసీ కట్టలేదుగా!"

బావమరిది తల గోక్కున్నాడు. "రూల్సే అలా ఉన్నాయి బావా. నేనేం చేసేది?"

ఆ వీరుణ్ణి ఏళ్ల తరబడి పెంచాను. వాడి డాలు మీద ఏ సొట్ట ఎక్కడ పడిందో నాకు తెలుసు. అందుకే వారమంతా తూకం వేసి చూశాను. మంత్రం ఒకసారి వాడితే ఖర్చయిపోతుంది; రాత్రి పడుకుని లేస్తేనే తిరిగొస్తుంది. కత్తి ఎన్నిసార్లు దూసినా అలాగే ఉంటుంది. రూల్స్ ప్రకారం ఇద్దరం సమానమే. మరి తూకం ఎక్కడ తప్పింది?

టీ దగ్గర. టీ వస్తే ఎలాగూ ఆట ఆపాలి కాబట్టి, కథలోనూ అప్పుడు రాత్రయిందని, వీరులు పడుకుని లేచారని మా బావమరిది లెక్క. తన తమ్ముడొచ్చాడన్న సంబరంలో మా ఆవిడ ప్రతి యుద్ధానికీ టీ తెచ్చేది. అలా ప్రతి గిరాకీ తర్వాతా గోదాము నింపిపెడితే నేనూ అగ్నివర్షాలు కురిపిస్తాను.

ఈ ఆదివారం భోజనాలవగానే మా ఆవిడతో అన్నాను. "ఇవాళ నేను అడిగేదాకా టీ వద్దు."

"ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"బ్రహ్మాండంగా ఉంది."

మొదటి యుద్ధం అగ్నివర్షంతో ముగిసింది. రెండోది పిడుగులతో. మూడో దానికి ఆయన మిగిలిన మంత్రాలు అడుగూ బొడుగూ ఊడ్చేసి, మేడ మీది మా ఇంటి మెట్ల వైపు చూశాడు.

"వదినా, టీ ఏమైనా..."

"మీ అన్నయ్యగారే వద్దన్నారండీ!" అని పైనుంచి జవాబొచ్చింది.

తోడల్లుడు నా వైపు తిరిగాడు. "ఎందుకన్నయ్యా?"

"కడుపులో మంట తమ్ముడూ. ఇన్నాళ్లూ నీ అగ్నివర్షాలు చూసి చూసి."

బావమరిది నవ్వు బిగబట్టుకుని, బల్ల మీద గుప్పెడు బోల్టులు పోశాడు. మాంత్రికుడు తన మంత్రాల చీటీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసుకున్నాడు.

"దీపం వెలిగించే మంత్రం ఒక్కటే మిగిలింది."

"వెలిగించు. ఎటు నరుకుతున్నానో కనపడాలిగా."

ఇత్తడి పిడి మెల్లగా జరిగి నట్టు వెనక్కి చేరింది. నేను పాచిక వేశాను. ఒక బోల్టు పడింది. మళ్లీ వేశాను. డాలుకి ఇంకో రెండు సొట్టలు పడ్డాయి గానీ, చివరి బోల్టు కూడా డబ్బాలోకి వెళ్లింది.

"మూటలు జాగ్రత్త తమ్ముడూ," అన్నాను. ఆయనే మోశాడు. రిటైర్‌మెంటు ఊసు ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం తోడల్లుడు చంకలో పెద్ద ఫ్లాస్కుతో దిగాడు. "పాపం, వదినకి శ్రమెందుకని." మొదటి యుద్ధమవగానే గ్లాసుల్లో పోశాడు.

బావమరిది ఒక గుటక వేసి, కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"టీ బాగుంది. కానీ మా అక్క పెట్టింది కాదుగా. కథలో ఇంకా మిట్టమధ్యాహ్నమే."

నేను కత్తి దూశాను.