గడప దగ్గర చెప్పిన పేరు

మా అత్తమ్మ సులోచన ఈ వయసులో క్లాసుకు ముస్తాబవుతుంది. ఇస్త్రీ చీర కట్టుకుని, చిక్కడపల్లిలోని మా ముందుగదిలో ఫోన్ ఎదుట బుద్ధిగా కూర్చుంటుంది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లను చూసుకునేవారికి ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాలవి. మామయ్య కిషన్ రావు కిటికీ పక్కన, ఎప్పుడో రిటైరైన కరెంటాఫీసుకు టైమవుతోందని చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు.

పాఠాలు చెప్పే నాగశ్రీ గొంతు ఎంత మెత్తనంటే, వింటూ వింటూ నేను పొయ్యి మీది కూర మర్చిపోతాను.

"వాళ్లు ఏదో లోకంలో ఉన్నప్పుడు వెనక నుంచి పట్టి లాగకండి. ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, పేరు పెట్టి పిలవండి" అందామె ఆ రోజు. ఒక్కొక్కరినీ పిలిచి చూడమంది.

అత్తమ్మ వంతు వచ్చింది. "ఇగో, అనుదీప్ వాళ్ల నాయనా" అంది.

"పేరుతో, అమ్మా."

అత్తమ్మ ఫోన్ బోర్లా పెట్టేసింది. "మొగుని పేరు నోట్లకెల్లి వస్తే ఆయుష్షు తగ్గుతది, రచనా. పెండ్లయి వచ్చిన్నాడు ఆడబిడ్డలు అడ్డం నిలవడితే గడప కాడ ఒక్కసారి చెప్పిన. గంతే."

"కరెంటాఫీసోళ్లు రోజు పేరు వెట్టే పిలిచేటోళ్లు గదా అత్తమ్మా."

"వాళ్లు పెండ్లాలా?"

నాకు ఒళ్లు మండింది. కన్నకొడుకైన నా భర్తనే మరిచిపోయిన మనిషి, అనుదీప్ నాయనంటే ఎవరనుకుని పలుకుతాడు?

వారం తిరగకుండానే, తుంపర పడుతున్న సాయంత్రం, గేటు తీసి ఉంది. మామయ్య లేడు. ఇద్దరం ఉరికాం.

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్లు వదిలిన వేళ. తడి రోడ్డు మీద బోర్డుల రంగులు కరిగి పారుతున్నాయి. పుస్తకాలు గుండెకు హత్తుకుని పిల్లలు నారాయణగూడ వైపు నెమ్మదిగా కదులుతున్నారు. వాళ్ల మధ్య మామయ్య, తానూ ఏదో పరీక్షకు పోతున్నట్టు, తేలిగ్గా నడుస్తున్నాడు. ముందు పెద్ద రోడ్డు. బస్సులు ఆగకుండా పోతున్నాయి.

"ఇగో, మిమ్ముల్నే, ఇటు జూడుండ్రి" అంది అత్తమ్మ. పిల్లలంతా తిరిగి చూశారు. ఆయన చూడలేదు.

నేను పట్టుకోబోతే, "ఎనక నుంచి వద్దన్నది గదా" అని నన్ను ఆపి, తానే జనాన్ని తోసుకుంటూ పోయి ఆయనకు ఎదురుగా నిలబడింది. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"కిషన్ రావు."

ఆయన ఆగాడు. రోడ్డు అంచున ఆమెను చాలాసేపు చూశాడు.

"నా పేరు నీకెట్ల ఎరుక?"

అత్తమ్మ ఏడ్చేసింది. "గడప కాడ చెప్పిన గదా."

ఆమె చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు. వానలో ముగ్గురం మెల్లగా ఇంటికి వచ్చాం. గుమ్మంలోకి ముందు ఆయనే వెళ్లాడు. వెనక్కి తిరిగి, ద్వారానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"పేరు చెప్పి లోపలికి రా" అన్నాడు, నవ్వుతూ.

అత్తమ్మ చెప్పింది. ఆయన చెయ్యి తీశాడు.