మగపూల పందిరి

విత్తనాల కొట్టాయన ఇరవై ఏళ్ళ వ్యాపారంలో అలాంటి బేరం ఎప్పుడూ చూడలేదు. పెరట్లో కీరదోస పెట్టుకుందామని వచ్చేవాళ్ళంతా ఏ రకం బాగా కాస్తుందనే అడుగుతారు. ఆ రోజు మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చిన దర్జీ ఆవిడ మాత్రం, "కాయల సంగతి వదిలెయ్యండి. మగపూలు ఏ రకానికి ఎక్కువ?" అంది.

"మగపూలతో ఏం చేసుకుంటావమ్మా?"

"పందిరికి అందం."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. అందం కోసం వచ్చిన మనిషిలా లేదు.

ఆమెను వీధిలో అందరూ పెద్దకోడలనే పిలుస్తారు. అత్తగారు పోయి పన్నెండేళ్ళయినా ఆ పిలుపు పోలేదు. మరిది భార్య చిన్నకోడలు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు పెరటి మధ్య ఛాతీ ఎత్తు గోడ లేచింది. పెద్దకోడలు ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. చిన్నకోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. గోడ మీదుగా గిన్నెలూ కబుర్లూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

పెద్దకోడలికి కుట్టుపని తరవాత ప్రాణమంతా ఒక్క కీరపాదు మీదే. తల్లి ఇచ్చిన గుప్పెడు గింజలతో మొదలుపెట్టి, ఏటా అన్నిటికంటే మంచి కాయను పండబెట్టి గింజ తీసి, తొమ్మిదేళ్ళు తిప్పింది. లేతాకుపచ్చ కాయ, కొసనుంచి సగందాకా తెల్లటి చారలు. తొడిమ దగ్గర కూడా చేదనేది ఉండదు. చుట్టుపక్కల పాదుల పుప్పొడి సోకకుండా, రేపు విచ్చుకోబోయే మొగ్గల మూతులను ఈరోజే మిషను దారంతో కట్టేసేది. పొద్దున్నే కట్లు విప్పి, మగపువ్వును ఆడపువ్వుకు తనే అద్ది, మళ్ళీ కట్టేది. "ఆ పూలకి జాకెట్లు కూడా కుట్టరాదూ!" అని మొగుడు ఎగతాళి చేసేవాడు.

ఏడాది కిందట ఆమెకు పిత్తాశయం ఆపరేషనయింది. సరిగ్గా విత్తే అదను. ఆస్పత్రికి వెళ్ళే ముందు విత్తనాల సీసా మొత్తం చిన్నకోడలి చేతిలో పెట్టి, "నా మళ్ళో నాలుగు గింజలు నాటవే, మిగతావి జాగ్రత్త" అని చెప్పింది. తిరిగొచ్చేసరికి మడి ఖాళీగా ఉంది. సీసా కూడా ఖాళీయే.

"పురుగు పట్టిందక్కా. పారేశాను. ఏమనుకోకు" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఏమీ అనుకోలేదు. రెండు నెలల తరవాత కుట్లు మానాక మొదటిసారి పెరట్లోకి నడిచి, గోడ మీదుగా చూసింది. అవతల పందిరినిండా తెల్ల చారల కాయలు వేలాడుతున్నాయి.

ఆ కాయలే తోటల పోటీలో మొదటి బహుమతి కొట్టాయి. పేపర్లో చిన్నకోడలు నవ్వుతున్న ఫొటో, కింద 'ఏళ్ళ తరబడి నేను సొంతంగా తయారు చేసుకున్న రకం' అని ఆమె మాట. నర్సరీ యజమాని ఇంటికొచ్చి, వచ్చే ఏడు కాయలు పండబెట్టి విత్తనం కట్టి ఇమ్మనీ, పొట్లం మీద ఆమె ఫొటో వేస్తాననీ చెప్పి వెళ్ళాడు.

పెద్దకోడలు పేపరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. "ఇది నాదని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు? పోనీ, పండిన కాయ ఒక్కటివ్వు. నా గింజ నేను చూసుకుంటాను."

"అన్నీ నర్సరీ వాళ్ళకని మాటిచ్చేశానక్కా. అయినా గింజ మీద పేరేమైనా రాసుందా?"

అంత మాట తేలిగ్గా అనేసి బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయింది. మొగుడితో చెబితే, "కీరకాయ కోసం తమ్ముడితో తగువు పెట్టుకోమంటావా?" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి పోయాడు. ఆ రాత్రి కాదు, ఆ వారం కాదు, ఆ ఏడాదంతా ఆమెకు కడుపు మండుతూనే ఉంది. మిషను తొక్కుతుంటే ప్రతి కుట్టూ ఆ మాటే అన్నట్టుండేది.

తరవాతి అదను రాగానే కొట్టుకు వచ్చింది. చిన్నకోడలికి గింజ నాటడం తెలుసు, నీళ్ళు పొయ్యడం తెలుసు. పూల మూతులు కట్టాలని తెలియదు. అదెందుకో ఏనాడూ అడగలేదు.

కొట్టాయన పొట్లాలు బల్ల మీద పరిచాడు. "ఇదిగో, గుండ్రటి పసుపు కీర. తీగంతా పూలే. ఇది తెల్లతోలుది, ఇదీ బాగా పూస్తుంది."

"ఆ పొడుగ్గా వంకర తిరిగిన బొమ్మ?"

"పాముకీర. పేరుకే కీర, జాతి వేరు. దీని పుప్పొడి కీరకు పట్టదు."

"అయితే వద్దు."

ఆ 'వద్దు'తో ఆయనకు సంగతి సగం అర్థమయింది. గొంతు తగ్గించాడు. "పక్క పెరట్లో ఎవరైనా విత్తనం కడుతున్నారామ్మా?"

ఆమె ఆ రెండు కీర పొట్లాలూ తనవైపు లాక్కుంది. "చేదు రకం ఏదైనా ఉందా?"

అడుగు సొరుగులోంచి దుమ్ముపట్టిన పొట్లం తీశాడు. పొట్టి కాయ, ఒళ్ళంతా బుడిపెలు, ముళ్ళు. "నోట్లో పెట్టుకోలేం. ఎవరూ కొనరు. దీంతో కలిసిన గింజ మొలిస్తే పిల్లకీ ఆ చేదే వస్తుంది. ఒక్కమాట చెప్పనా? ఒకసారి కలిశాక విడదియ్యడం నా వల్లా కాదు, నీ వల్లా కాదు. అందులో నీకు కావలసిందేదైనా ఉంటే అదీ పోతుంది."

ఆమెకు తల్లి చేతులు, ఆ చేతుల్లో గింజలు గుర్తొచ్చాయి. పొట్లం మీది దుమ్ము తుడిచింది.

"చేదువి రెండు పొట్లాలివ్వండి" అంది.

గోడ పొడుగునా పందిరి వేసింది. మూడు రకాలూ ఎక్కించింది. తేనెటీగలను పిలవడానికి మధ్యమధ్య పొద్దుతిరుగుడు నాటింది. పిందె కనబడితే గిల్లేసేది, తీగ కాయ మీద మనసు పెట్టకుండా పూస్తూనే ఉండాలని. పొద్దున్నే కాఫీ గ్లాసుతో నిలబడి, పసుపు దుమ్ము కాళ్ళకు పూసుకుని ఈగలు గోడ దాటుతుంటే లెక్కపెట్టేది. 'పదండమ్మా, పదండి' అనుకునేది.

"ఈసారి రకరకాలు పెట్టావేంటక్కా?" అని అడిగింది చిన్నకోడలు.

"ఏది బాగుంటుందో చూద్దామని" అంది పెద్దకోడలు. చాలా రోజుల తరవాత ఆమెను చూసి నవ్వింది.

ఆ ఏడు అవతలి కాయల రూపు మారలేదు. మారింది లోపలి గింజ. అది పైకి కనబడదు. చిన్నకోడలు సంచినిండా విత్తనం కట్టి నర్సరీకిచ్చింది. మరుసటి అదనుకు ఆమె నవ్వుముఖంతో పొట్లాలు ఊరంతా పాకాయి.

కాయలు దిగే వేళకు, ఒకరోజు చిన్నకోడలు పనిచేసే పళ్ళాసుపత్రికి పెద్దకోడలు వెళ్ళింది. అక్కడి నర్సులకు కోట్లు కుట్టేది ఆమే. మూట ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పేషెంట్లు పదిమంది దాకా ఉన్నారు. ఒకావిడ సంచితో విసురుగా లోపలికొచ్చి, రిసెప్షను బల్ల మీద బోర్లించింది. వంకర కాయలు, గుండ్రటివి, బుడిపెలవి దొర్లుకుంటూ ఫోను దాకా వచ్చాయి.

"పొట్లం మీద ఉన్నది నువ్వేగా? తిను ఒకటి. మూణ్ణెల్లు నీళ్ళు పోశాను. నా మనవరాలు కక్కుకుంది."

"ఏదో పొరపాటై ఉంటుందండీ…"

"తినమంటున్నానా!"

అందరూ చూస్తున్నారు. డాక్టరు కూడా తలుపు తీసి నిలబడ్డాడు. చిన్నకోడలు ఒక కాయ కొరికింది. నమలబోయి ఆగింది. ముఖం ముడుచుకుపోయింది. ఉమ్మడానికి చోటు లేక, అంతమంది ముందు మింగింది.

పెద్దకోడలికి కడుపు చల్లబడ్డట్టయింది. మూట కౌంటరు మీద పెట్టి, "కోట్లు తెచ్చాను. లెక్క చూసుకోండి" అని, చిన్నకోడలి కళ్ళలోకి చూసి మరీ వచ్చేసింది. ఇంటికెళ్ళి పాటలు పెట్టుకుని సాయంత్రందాకా కుట్టింది.

నర్సరీవాళ్ళు పొట్లాలు వెనక్కి తీసుకున్నారు. పోటీవాళ్ళు తమ ఆఫీసు గోడ మీంచి ఆమె ఫొటో తీసేశారు. వారం తరవాత మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, తను ఉద్యోగానికి పోవట్లేదు. తిండి సరిగ్గా తినట్లేదు. పెద్దదానివి, ఒకసారి వచ్చి మాట్లాడు."

వెళ్ళింది. ఓదార్చడానికి కాదు. చేసిందెవరో అవతలివాళ్ళకు తెలియకపోతే, అంత కష్టమూ గాలికి పోయినట్టే అనిపించింది ఆమెకు.

చిన్నకోడలు వంటింట్లో పొయ్యి ముందు ఉంది. గిన్నెలో గుడ్లు ఉడుకుతున్నాయి.

"నేనే చేశాను" అంది పెద్దకోడలు. "ఆ పందిరి అందుకే వేశాను. నీ పూలన్నీ నా పుప్పొడే తాగాయి. ఇక ఆ గింజ ఎక్కడా లేదు. నీకూ లేదు, నాకూ లేదు."

చిన్నకోడలు గరిటె పక్కన పెట్టింది. తరవాత స్టూలెక్కి, పై అల్మారాలోంచి చిన్న డబ్బా దించింది. మూత తీసి చూపించింది. అడుగున తెల్లటి సన్నటి గింజలు, నలభై దాకా.

"పురుగు పట్టలేదక్కా. సగం నాటాను, సగం దాచాను. నీ సీసాలోవే. వీటికి ఏ పుప్పొడీ సోకలేదు."

పెద్దకోడలు వంటింటి గట్టు పట్టుకుంది.

చిన్నకోడలు డబ్బాను మరిగే నీళ్ళ మీదికి వంచి పట్టుకుంది. "అడుగు. 'ఇవ్వవే' అని ఒక్క మాట అడుగు. ఇస్తాను."

ఆవిరి డబ్బా చుట్టూ లేచింది. ఒక గింజ జారి నీళ్ళలో పడింది. పెద్దకోడలి చెయ్యి దానంతటదే సగందాకా లేచింది. నోరు తెరిచింది కూడా. ఎదురుగా ఆ ముఖం చూసింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళలో, ఎప్పుడెప్పుడా అని కాచుకున్న ఆశ. చెయ్యి దించేసింది. పెదాలు బిగించింది.

"అడగవా?"

అడగలేదు.

గింజలన్నీ గుడ్ల మధ్య పడి, ఒకసారి గిర్రున తిరిగి, పైకి తేలాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, అవి ఉబ్బి మెత్తబడే దాకా చూశారు. ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

మళ్ళీ అదను వచ్చినప్పుడు పెద్దకోడలు కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన ఈసారి ఏమీ అడక్కుండానే కొత్తరకం పొట్లం ముందుకు తోశాడు. "మగపూలూ ఈగలూ అక్కర్లేదు దీనికి, దానంతటదే కాస్తుంది. తొక్క పల్చన, చేదుండదు. ఒక్కటే లోపం, కాయలో గింజ పట్టదు. ఏటా కొత్తగా కొనుక్కోవాలి."

"గింజే ఉండదా?"

"ఉండదు."

"ఎవరైనా కాయ కోసుకుపోయినా…"

"తినడమేనమ్మా. ఇంకేం చెయ్యలేరు."

పెద్దకోడలు ఆ పొట్లం తీసుకుంది.